ప్రదక్షిణతో తెలిసే చరిత్ర: క్వీర్ దృష్టితో కోనసీమ కళాపరిశీలన

వ్యాససంగ్రహం

కళాచరిత్ర రచనలో శైలి, కాలం, రాజవంశం, మతశాఖ వంటి ప్రమాణాలకు దక్కిన స్థానం లింగభావానికీ కోరికకూ చాలాకాలం దక్కలేదు. ఆ లోపాన్ని గుర్తించి ఎదిగిన అధ్యయన పద్ధతిని క్వీర్ దృష్టి అంటున్నారు. ఈ పద్ధతిని తెలుగు నేల మీద, ప్రత్యేకించి కోనసీమలో ఎలా ప్రయోగించవచ్చో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకు మూడు ఆధారాలను ఎన్నుకోవడం జరిగింది. అవి ర్యాలిలోని జగన్మోహినీ కేశవస్వామి విగ్రహం, ముమ్మిడివరం ప్రాంతపు కళావంతుల భామాకలాపం, కూచిపూడిలోనూ నాటకరంగంలోనూ వెలసిన స్త్రీవేష సంప్రదాయం. విగ్రహానికో కళాకారుడికో కొత్త పేరు తగిలించడం ఈ పద్ధతి లక్ష్యం కాదనీ, ఒక వైపు నుంచే చూడటానికి అలవాటుపడిన కళను చుట్టూ తిరిగి చూడటమే దాని ప్రయోజనమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కళాచరిత్ర, క్వీర్ దృష్టి, కోనసీమ, ర్యాలి, మోహిని, భామాకలాపం, కళావంతులు, స్త్రీవేషం, హిజ్రాలు.

1. ఉపోద్ఘాతం

గోదావరి సముద్రంలో కలిసే తీరప్రాంతంలో ఉన్న మండలకేంద్రం కాట్రేనికోన. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లాలో అది భాగం. అక్కడి నుంచి ముమ్మిడివరం, అమలాపురం, కొత్తపేట, రావులపాలెం మీదుగా వెళితే ర్యాలి చేరుకోవచ్చు. ఒక్క పూటలో ముగిసే ఈ ప్రయాణంలో కళాచరిత్ర విద్యార్థికి అరుదైన రెండు ఆధారాలు తారసపడతాయి. దారి మొదట్లో ఉన్న ముమ్మిడివరం, స్త్రీలే భామాకలాపం ప్రదర్శించిన సంప్రదాయానికి నిలయం. దారి చివర ఉన్న ర్యాలిలో ముందువైపు పురుషరూపం, వెనుకవైపు స్త్రీరూపం దాల్చిన ఒకే శిల ఉంది.

ఈ రెండూ స్థానికులకు కొత్తవి కావు. ర్యాలి దర్శనానికి కోనసీమ గ్రామాల నుంచి కుటుంబాలు తరతరాలుగా వెళుతూనే ఉన్నాయి. అయితే కళాచరిత్ర పాఠంలో ఇవి కనిపించే తీరు వేరు. ర్యాలి విగ్రహం 'శిల్పి నైపుణ్యానికి నిదర్శనం' అన్న ఒక వాక్యంతో ముగిసిపోతుంది. ముమ్మిడివరం స్త్రీల కళ 'కూచిపూడికి సమాంతర ధార' అన్న పేరుతో అధోజ్ఞాపికలోకి జారిపోతుంది. స్త్రీత్వం, పురుషత్వం, వేషం, శరీరం అనే ప్రశ్నలు ఈ కళలకు కేంద్రంలో ఉన్నా వాటి గురించిన చర్చ అంచుల్లోనే ఉండిపోయింది.

దీని పర్యవసానం పుస్తకాలకే పరిమితం కాదు. పుట్టుకతో ఇచ్చిన లింగానికి భిన్నంగా తమను తాము గుర్తించుకునేవారు, సజాతి ప్రేమ గలవారు కాట్రేనికోన వంటి ఊళ్లలోనూ ఉన్నారు. తమ వంటివారు ఈ సంస్కృతికి పరాయివారని వారు తరచుగా వింటుంటారు. ఆ మాట నిజమో కాదో తేల్చవలసిన శాస్త్రాల్లో కళాచరిత్ర ఒకటి. కనుక ఇక్కడ చరిత్రకారుడి బాధ్యత రెండు విధాలు: ఉన్న ఆధారాన్ని దాచకూడదు, లేనిదాన్ని కల్పించకూడదు.

2. క్వీర్ దృష్టి: పదం, పద్ధతి

'క్వీర్' అనే ఆంగ్లపదానికి మొదట వింత, విపరీతం అనే అర్థాలుండేవి. తర్వాత అది స్త్రీపురుష కట్టుబాట్లకు ఒదగనివారిని అవమానించే తిట్టుగా మారింది. 1980ల చివర, 1990లలో ఆ తిట్టుకు గురైనవారే దాన్ని తమ గౌరవవాచకంగా మలచుకున్నారు. దీనికి సరిసమానమైన ఒక్క తెలుగు పదం స్థిరపడలేదు. కామసూత్రంలో వాత్స్యాయనుడు వాడిన 'తృతీయాప్రకృతి' దీని పరిధిలో ఒక భాగాన్నే సూచిస్తుంది. అందువల్ల ఈ వ్యాసంలో క్వీర్ అనే పదాన్నే స్వీకరించడం జరిగింది.

ఇక్కడ రెండు మాటలను వేరుచేసి చూడాలి. క్వీర్ అస్తిత్వం ఒక వ్యక్తి తన గురించి తాను చెప్పుకునేది. క్వీర్ దృష్టి పరిశోధకుడు అనుసరించే పద్ధతి. మొదటిదాన్ని గతంలోని వ్యక్తికి మనం అంటగట్టలేం. రెండవదాన్ని ఏ కాలపు కళకైనా వర్తింపజేయవచ్చు. స్త్రీపురుషుల మధ్య గీత ఎక్కడ గీశారు, ఎవరు గీశారు, ఎవరు దాటారు, దాటినవారిలో ఎవరికి సన్మానం, ఎవరికి శిక్ష దక్కాయి అని అడగటమే ఈ పద్ధతి సారం.

ఐరోపా కళాచరిత్ర నుంచి ఒక ఉదాహరణ దీన్ని స్పష్టం చేస్తుంది. మైకెలాంజెలో తొమాసో దెయి కవాలియెరి అనే యువకుడి పట్ల గాఢమైన ప్రేమతో చిత్రాలు గీసి కానుకగా పంపాడు, కవితలు రాశాడు. 1564లో మైకెలాంజెలో మరణించాడు. ఆయన సోదరుడి మనుమడు 1623లో ఆ కవితలను ప్రచురిస్తూ, పురుషుణ్ణి ఉద్దేశించిన సర్వనామాలను స్త్రీవాచకాలుగా మార్చివేశాడు. 19వ శతాబ్దిలో మూలప్రతులు వెలుగుచూశాక, 1878లో జాన్ ఆడింగ్టన్ సైమండ్స్ తన ఆంగ్లానువాదంలో అసలు రూపాన్ని పాటించాడు. రెండున్నర శతాబ్దాల పాటు పాఠకులు చదివింది దిద్దిన ప్రతినే. ఇక్కడ ఆధారం లేకపోలేదు, దాన్ని మార్చివేశారు. మౌనం సహజంగా ఏర్పడిందా, ఎవరైనా కల్పించారా అని విచారించాలన్న పాఠం ఈ ఉదంతం నేర్పుతుంది.

కళాచరిత్ర శాస్త్రానికి ఆద్యుల్లో ఒకడైన యోహాన్ వింకెల్‌మాన్ (1717–1768) విషయమూ ఇటువంటిదే. 1764లో వెలువడిన ఆయన గ్రంథం ప్రాచీన గ్రీకు శిల్పాన్ని సౌందర్యానికి కొలమానంగా నిలిపింది. పురుషదేహ సౌందర్యం పట్ల ఆయనకున్న వ్యక్తిగతమైన ఆరాధనే ఆ వర్ణనలకు ఊపిరి. తర్వాతి తరాలు ఆ కొలమానాన్ని స్వీకరించి, దాని వెనుక ఉన్న చూపును మరిచాయి. 'నిష్పాక్షిక' సౌందర్యదృష్టి అని మనం అనుకునే దాని వెనుక కూడా ఒక మనిషి, ఒక కోరిక ఉంటాయని దీనివల్ల తెలుస్తుంది.

భారతీయ ఆధునిక చిత్రకళలో ఈ చర్చకు భూపేన్ ఖఖ్ఖర్ (1934–2003) ప్రధానమైన ఆధారం. బొంబాయిలో పుట్టి బరోడాలో స్థిరపడిన ఈ చిత్రకారుడు వృత్తిరీత్యా అకౌంటెంటు. 1981లో వేసిన 'యూ కాంట్ ప్లీజ్ ఆల్' చిత్రంలో ఒక నగ్నపురుషుడు మేడపై వసారాలో నిలబడి, తండ్రీ కొడుకూ గాడిదా నడిచివెళ్లే దృశ్యాన్ని చూస్తుంటాడు. అందరినీ మెప్పించబోయి గాడిదను పోగొట్టుకున్న ఆ కథ తెలుగు పిల్లలకూ చిరపరిచితమే. అందరికీ తెలిసిన నీతికథనే ఆయన తన స్వలింగప్రేమను ప్రకటించడానికి ఆశ్రయంగా చేసుకున్నాడు. 2016లో లండన్ టేట్ మోడరన్ ఆయన చిత్రాల ప్రదర్శనకు ఇదే పేరు పెట్టింది. ఖఖ్ఖర్ వలె తన గురించి తాను చెప్పుకున్న కళాకారుడి విషయంలో అస్తిత్వం, దృష్టి రెండూ ఒకచోట కలుస్తాయి. శతాబ్దాల నాటి అజ్ఞాతశిల్పి విషయంలో మనకు మిగిలేది దృష్టి మాత్రమే. ఈ భేదాన్ని మనసులో ఉంచుకునే ర్యాలికి వెళ్లాలి.

3. ర్యాలి: ముందువైపు, వెనుకవైపు

ఆత్రేయపురం మండలంలోని ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి ఆలయం, ఉమాకమండలేశ్వరస్వామి ఆలయం ఎదురెదురుగా ఉన్నాయి. కేశవస్వామి మూలవిరాట్టు సుమారు అయిదు అడుగుల ఎత్తున్న నల్లరాతి ఏకశిల. ముందువైపు శంఖచక్రాదులు ధరించిన చతుర్భుజ విష్ణుమూర్తి, చుట్టూ దశావతారాలు తదితర రూపాలతో కూడిన మకరతోరణం కనిపిస్తాయి. పాదాల వద్ద నిరంతరం ఊరే నీటిని భక్తులు గంగగా భావిస్తారు. వెనుకవైపు అదే శిల మోహిని. కొప్పు, నడుము, వస్త్రపు కుచ్చెళ్లు, కాలిమీద పుట్టుమచ్చ వంటి గుర్తు అక్కడ చెక్కి ఉన్నాయి. ఆ గుర్తును పద్మినీజాతి స్త్రీ లక్షణంగా చెబుతారు. ముందువైపు చూపించాక వెనుకవైపు కూడా చూపించి వివరించడం ఇక్కడి దర్శనంలో భాగం.

స్థలపురాణం ప్రకారం, అమృతం పంచిన మోహినిని చూసి మోహించిన శివుడు ఆమెను వెంబడించాడు. ఆమె కొప్పులోని పువ్వు ఇక్కడ రాలింది. దాన్ని వాసన చూసిన శివుడు తలెత్తేసరికి ఎదుట విష్ణువు నిలిచి ఉన్నాడు. పువ్వు రాలిన చోటు కనుక ర్యాలి అయిందని జనవ్యుత్పత్తి. భాగవతం అష్టమస్కంధంలోని కథలో ఇంకొక ముఖ్యాంశం ఉంది. మోహిని విష్ణువేనని శివుడికి ముందే తెలుసు. ఆ రూపాన్ని తనకు చూపమని పార్వతీసమేతంగా వెళ్లి అడిగినవాడు ఆయనే. తెలిసి కూడా, భార్య చూస్తుండగానే మోహపరవశుడయ్యాడు. తేరుకున్న తర్వాత కథ ఆయనను నిందించదు. మాయ ఎంత బలమైనదో చెప్పడమే పౌరాణికుడి తాత్పర్యమైనా, కోరికకు అవతలి మనిషి 'అసలు' లింగం అడ్డు కాలేదన్న సంగతి కథలోనే ఉంది.

ఈ విగ్రహాన్ని అర్ధనారీశ్వర రూపంతో పోల్చితే దాని ప్రత్యేకత తేటపడుతుంది. అర్ధనారీశ్వరుడిలో కుడిసగం శివుడు, ఎడమసగం పార్వతి. నిలబడిన చోటనే రెండూ ఒకేసారి కనబడతాయి. శరీరం మధ్య నిలువుగీత ఉంటుంది, ఇద్దరు వ్యక్తుల కలయిక అన్న భావం స్పష్టంగా ఉంటుంది. ర్యాలిలో వ్యక్తి ఒక్కరే. గీత లేదు. ఏ ఒక్క చోట నిలబడినా రెండు రూపాలూ సంపూర్ణంగా కనబడవు. ముందు నిలబడినవారికి విష్ణువు పూర్ణుడు, వెనుకకు వెళ్లినవారికి మోహిని పూర్ణురాలు. ఎక్కడ పురుషుడు ముగిసి స్త్రీ మొదలవుతుందో శిల్పి చెప్పలేదు. తెలుసుకోవాలంటే చూసేవాడు కదలాలి. ప్రదక్షిణమే ఇక్కడ వ్యాఖ్యానం.

క్వీర్ దృష్టి ఇక్కడ ఏం చెప్పగలదో, ఏం చెప్పలేదో విడదీసి చూడాలి. ఈ విగ్రహం నేటి అర్థంలో ట్రాన్స్‌జెండర్ దేవత అని చెప్పలేదు. శిల్పి ఉద్దేశమేమిటో మనకు శాసనాధారం లేదు. పౌరాణిక సందర్భంలో మోహిని ఒక కార్యం కోసం ధరించిన రూపమే. పైగా వెనుకవైపు శిల్పం స్త్రీని పద్మినీజాతి లక్షణాల పట్టికతో కొలుస్తుంది. అది పురుషుడు కూర్చిన పట్టిక. కనుక దీన్ని లింగసమానత్వ ప్రకటనగా చదవడం కూడా తొందరపాటే. అయితే, ఒకే దైవశరీరం స్త్రీపురుష రూపాలు రెంటినీ ఏ లోపమూ, వికారమూ లేకుండా ధరించగలదన్న ఊహ కోనసీమలో పూజలందుకుంటూ ఉందని కచ్చితంగా చెప్పగలదు. ఆ ఊహకు సిగ్గుపడి ఎవరూ విగ్రహపు వెనుకవైపును గోడకు ఆనించలేదు. దాన్ని చూపించడాన్నే దర్శనవిధిగా చేశారు.

ఇటువంటి రూపాంతరం తెలుగు ఆరాధనలో ఒంటరి ఉదాహరణ కాదు. తిరుమల బ్రహ్మోత్సవాల్లో అయిదవనాటి ఉదయం మలయప్పస్వామిని మోహినిగా అలంకరించి పల్లకిలో ఊరేగిస్తారు. తిరుపతి గంగమ్మ జాతరలో సామాన్య పురుషులు మొక్కుబడిగా చీర కట్టి, నగలు పెట్టుకుని అమ్మవారిని దర్శిస్తారు. ఈ జాతరపై జాయ్స్ ఫ్లూకిగర్ రాసిన గ్రంథం 2013లో వెలువడింది. దైవం స్త్రీ కావడం, భక్తుడు స్త్రీ కావడం రెండూ ఈ నేలకు పరిచితమే. ఉత్సవం ముగిశాక, ఆలయం వెలుపల, అదే చీర ఎవరు కడితే ఏమవుతుందన్నది తర్వాతి ప్రశ్న.

4. భామాకలాపం: ఒకే పాత్ర, వేర్వేరు శరీరాలు

శిల్పం నుంచి ప్రదర్శనకళకు వస్తే, ఆ ప్రశ్నకు భామాకలాపం సమాధానమిస్తుంది. సిద్ధేంద్రయోగి పేరుతో ప్రసిద్ధమైన ఈ కలాపంలో కృష్ణుడి ఎడబాటు భరించలేని సత్యభామ నాయిక. భక్తుడు తనను సత్యభామగా భావించుకునే మధురభక్తి దీనికి పునాది అని సంప్రదాయజ్ఞులు చెబుతారు. కృష్ణాజిల్లా కూచిపూడిలో బ్రాహ్మణ కుటుంబాల పురుషులే ఈ పాత్రను ధరించారు. ఆ కుటుంబాల్లో పుట్టిన ప్రతి పురుషుడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలన్నది సిద్ధేంద్రుడి ఆన అని చెప్పుకుంటారు. ఆ వేషంతో ప్రఖ్యాతుడైన వేదాంతం సత్యనారాయణశర్మ 1961లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1970లో పద్మశ్రీ అందుకున్నాడు.

అదే కాలంలో తూర్పుగోదావరి ప్రాంతంలో భామాకలాపం మరొకవిధంగా జీవించింది. ఇక్కడ దాన్ని ప్రదర్శించినవారు కళావంతుల స్త్రీలు. పిఠాపురం కుంతీమాధవస్వామి ఆలయంలో నవజనార్దన పారిజాతం పేరుతో తొమ్మిది రాత్రులు సాగిన ప్రదర్శన ఈ కోవకు చెందినదే. కాట్రేనికోనకు పొరుగున ఉన్న ముమ్మిడివరంలో అన్నాబత్తుల బులి వెంకటరత్నమ్మ, లక్ష్మీ మంగతాయారు భామాకలాపం, గొల్లకలాపాల్లో పేరెన్నికగన్న విద్వాంసురాళ్లు. కోస్తాంధ్ర కళావంతుల స్మృతులను, అభినయాన్ని నమోదు చేసిన దావేష్ సోనేజీ గ్రంథం 2012లో, కూచిపూడి స్త్రీవేషాన్ని బ్రాహ్మణ పురుషత్వ నిర్మాణంగా విశ్లేషించిన హర్షిత మృత్తింటి కామత్ గ్రంథం 2019లో వెలువడ్డాయి. ఈ రెండింటినీ పక్కపక్కన ఉంచి చదవడం తెలుగు విద్యార్థికి ఎంతో ఉపకరిస్తుంది.

కలాపంలో క్వీర్ దృష్టికి అందే అసలు కీలకం సత్యభామ కంటే మాధవి పాత్రలో ఉంది. సత్యభామ ఎదుట ఈ పాత్ర చెలికత్తె మాధవి. కృష్ణుడి ఎదుట చెలికాడు మాధవుడు. వేషం మారదు, నటుడు మారడు. కూచిపూడిలో సూత్రధారుడే ఈ పాత్రను నిర్వహిస్తాడు. ఎదుట ఎవరున్నారన్న దాన్నిబట్టి అతడు స్త్రీ లేదా పురుషుడు అవుతాడు. ర్యాలి శిలలో చూసేవాడు కదిలితే రూపం మారింది. ఇక్కడ సంబోధించేవారు మారితే లింగం మారుతోంది. రెండింటిలోనూ లింగం వస్తువులో స్థిరంగా ఉండక, చూపుకూ సంబంధానికీ లోబడి ఉంది. ఆధునిక సిద్ధాంతగ్రంథాలు వివరంగా చర్చించే ఈ విషయం మన వీధిభాగవతంలో హాస్యప్రసంగంగా, ఎవరికీ కష్టం తోచకుండా సాగిపోయింది.

తర్వాతి పరిణామాలూ గమనింపదగినవి. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో స్థాపించిన కూచిపూడి ఆర్ట్ అకాడమీ ద్వారా ఇతర కులాల స్త్రీలు పెద్దసంఖ్యలో ఈ నాట్యంలోకి వచ్చారు. సత్యభామ పాత్ర క్రమంగా స్త్రీలదైంది. మరోవైపు, కళావంతుల నృత్యాన్ని ఆంధ్రనాట్యంగా పునరుద్ధరించిన నటరాజ రామకృష్ణ (1923–2011) వద్ద నేర్చిన కళాకృష్ణ నవజనార్దనంలో సత్యభామగా స్త్రీవేషం ధరించి ప్రసిద్ధుడయ్యాడు. అంటే పురుషుల స్త్రీవేషం స్త్రీల చేతికి, స్త్రీల ప్రదర్శన స్త్రీవేషం ధరించిన పురుషుడి చేతికి మారాయి. ఈ రెండు మార్పుల్లోనూ కళ నిలిచింది. తరతరాలుగా దాన్ని మోసిన కళావంతుల స్త్రీలకు మాత్రం రంగస్థలం తిరిగి దక్కలేదు. వేషం మారిన ప్రతిచోటా స్వేచ్ఛను చూడటం ఎంత పొరపాటో ఈ సంగతి హెచ్చరిస్తుంది. క్వీర్ దృష్టికి కులదృష్టి తోడు కాకపోతే అది సగం చూపే.

5. ఒకే చీర, వేర్వేరు తీర్పులు

చీర కట్టిన శరీరాన్ని ఒకే కాలపు సమాజం ఎన్ని విధాల చూసిందో మూడు ఘటనలను పక్కపక్కన ఉంచి గమనించవచ్చు.

మొదటిది, నాటకరంగం. స్థానం నరసింహారావు (1902–1971) సత్యభామ, చిత్రాంగి, మధురవాణి, రోషనార వంటి పాత్రలతో ప్రేక్షకులను మంత్రముగ్ధులను చేశాడు. ఆయన అభినయానుభవాల గ్రంథం 'నటస్థానం' చీరకట్టు, నడక, చూపుల నిర్మాణాన్ని తెలుసుకోగోరేవారికి ఆకరం. 1956లో ప్రభుత్వం ఆయనను పద్మశ్రీతో గౌరవించింది.

రెండవది, హైదరాబాదు సంస్థానపు చట్టం. 1329 ఫసలీలో, అంటే 1919లో వచ్చిన నపుంసకుల చట్టం హిజ్రాల పేర్లు ప్రభుత్వ పుస్తకంలో నమోదు కావాలని శాసించింది. అలా నమోదైన వ్యక్తి స్త్రీ దుస్తులు ధరించి వీధిలో కనిపించినా, బహిరంగంగా ఆడిపాడినా వారెంటు లేకుండా నిర్బంధించి రెండేళ్ల వరకు జైలుశిక్ష విధించే అధికారం ఇచ్చింది. ఉత్తరభారతంలో హిజ్రాలకు వర్తింపజేసిన 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం రెండవభాగం దీనికి మాతృక వంటిది. తెలంగాణ హైకోర్టు 2023 జులైలో దీన్ని రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసేదాకా ఈ చట్టం పుస్తకాల్లో ఉంది.

మూడవది, 1947 నాటి మద్రాసు దేవదాసీ నిరోధక చట్టం. దేవుడికి అంకితమిచ్చే ఆచారాన్ని, దానితో ముడిపడిన ఆలయనృత్యాన్ని అది నిషేధించింది. ఆచారంలోని దోపిడీని ఆపడం దాని ఆశయం. ఆ ఆచారంతో పాటు కళావంతుల కుటుంబాల జీవనాధారమూ, కళాకారిణులుగా వారికున్న గౌరవస్థానమూ కూలిపోయాయి.

పురుషుడు రంగస్థలం మీద చీర కడితే పద్మశ్రీ. హిజ్రా వీధిలో చీర కడితే జైలు. కళావంతుల స్త్రీ గుడిలో నర్తిస్తే నేరం. మూడింటిలోనూ వస్త్రం ఒకటే, అభినయం ఒకటే. ఆ శరీరం ఎవరిది, వేషం విప్పాక ఏ ఇంటికి తిరిగివెళుతుంది అన్నదే తీర్పును నిర్ణయించింది. తెర పడ్డాక గృహస్థుగా మారిపోయేవాడి స్త్రీత్వాన్ని సమాజం కళ అంది. తెర పడినా మారనివారి స్త్రీత్వాన్ని అపరాధం అంది. కళకూ జీవితానికీ మధ్య ఉన్నట్లు కనబడే గీతను నిజానికి చట్టమూ కులమూ కలిసి గీశాయి. స్థానం, వేదాంతం వంటి మహానటుల ప్రతిభను ఈ మాట తగ్గించదు. ఆ ప్రతిభకు దక్కిన వేదిక ఎవరికి దక్కలేదో గుర్తుచేస్తుంది.

సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న నల్సా తీర్పులో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల లింగనిర్ణయ హక్కును గుర్తించింది. 2018 సెప్టెంబర్ 6న సమ్మతితో కూడిన స్వలింగ సంబంధాలను నేరపరిధి నుంచి తొలగించింది. చట్టం మారినా, కళాచరిత్ర పాఠ్యక్రమం ఆ మార్పును ఇంకా అందుకోవలసి ఉంది.

6. పరిశోధన పద్ధతి: కొన్ని సూచనలు, కొన్ని హద్దులు

పై పరిశీలన ఆధారంగా కోనసీమలో క్షేత్రపరిశోధన చేయగోరే విద్యార్థికి కొన్ని సూచనలు చేయవచ్చు.

అ) వస్తువును అన్ని వైపుల నుంచి నమోదు చేయాలి. శిల్పాల ఛాయాచిత్రాలు ఎక్కువగా ముందువైపువే ఉంటాయి. ర్యాలి విగ్రహాన్ని ముందువైపు ఛాయాచిత్రం ద్వారా మాత్రమే ఎరిగినవారు దాన్ని మరొక కేశవమూర్తిగానే లెక్కిస్తారు. ఆలయనియమాలు ఛాయాచిత్రాన్ని అనుమతించని చోట రాతవర్ణన, రేఖాచిత్రం ఆ పని చేయాలి.

ఆ) వర్ణించే భాషను పరీక్షించాలి. ఆలయశిల్పంలో ఇద్దరు స్త్రీలు సన్నిహితంగా కనబడితే 'నాయిక, చెలికత్తె' అని రాసే అలవాటు మనకుంది. అది సరైనదే కావచ్చు, కాకపోవచ్చు. 'ఇద్దరు స్త్రీలు, ఒకరి భుజంపై ఒకరి చేయి' అని రాస్తే ఆధారం భద్రంగా ఉంటుంది, వ్యాఖ్యానం తర్వాత వస్తుంది.

ఇ) కర్తతో ఆగక ప్రదర్శకులను, ప్రేక్షకులను కూడా లెక్కించాలి. క్షేత్రయ్య పదం రాసినవాడు పురుషుడు, పలికే గొంతు స్త్రీది, ఉద్దేశించినది మువ్వగోపాలుణ్ణి, అభినయించినది కళావంతుల స్త్రీ. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి విడిచినా పదం లింగస్వభావం సగమే తెలుస్తుంది.

ఈ) జీవించి ఉన్నవారి పట్ల గోప్యత పాటించాలి. తన గురించి తాను ప్రకటించుకోని కళాకారుడి కోరికలను పరిశోధకుడు ఊహించి రాయడం పాండిత్యం అనిపించుకోదు. చిన్న ఊళ్లలో ఒక్క వాక్యం ఒక జీవితాన్ని చిక్కుల్లో పడేయగలదు. కళావంతుల కుటుంబాల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం.

ఈ పద్ధతిపై వినిపించే రెండు అభ్యంతరాలను కూడా పరిశీలించాలి. ఒకటి, నేటి భావనను నిన్నటి కళపై రుద్దుతున్నామన్నది. ఈ హెచ్చరిక సరైనదే. అయితే అది రెండువైపులా వర్తిస్తుంది. స్త్రీపురుష భేదం అన్ని కాలాల్లోనూ నేటి గుర్తింపుకార్డులో ఉన్నట్లే స్థిరంగా ఉండేదని అనుకోవడం కూడా నేటి భావనను రుద్దడమే. రెండవది, పూజావిగ్రహాన్ని ఈ దృష్టితో చూడటం భక్తుల మనసు నొప్పిస్తుందన్నది. ర్యాలి విగ్రహం గురించి ఈ వ్యాసం చెప్పినవాటిలో వర్ణనకు, కథకు సంబంధించిన అంశాలన్నీ స్థలపురాణంలో, భాగవతంలో, అక్కడి దర్శనవిధానంలో ఉన్నవే. పరిశోధకుడు కొత్తగా చేర్చింది ప్రశ్న మాత్రమే. వినయంతో అడిగిన ప్రశ్న భక్తికి విరోధి కాదు.

7. ముగింపు

ఈ పరిశీలన ద్వారా గ్రహించిన అంశాలను ఇలా సంగ్రహించవచ్చు.

• క్వీర్ దృష్టి గతకాలపు వ్యక్తులకు నేటి పేర్లు పెట్టే పని చేయదు. లింగానికి సంబంధించిన గీతలను ఎవరు, ఎందుకు గీశారో విచారిస్తుంది.

• ర్యాలి విగ్రహంలో స్త్రీపురుష రూపాలు విభజనరేఖ లేకుండా ఒకే శరీరంలో ఉన్నాయి. చూసేవారి కదలికే ఆ విగ్రహానికి వ్యాఖ్యానం.

• భామాకలాపంలోని మాధవి–మాధవ పాత్రలో లింగం సంబంధాన్నిబట్టి మారుతుంది. ఇది తెలుగు ప్రదర్శనకళలోనే ఉన్న ఊహ, అరువు తెచ్చుకున్నది కాదు.

• స్త్రీవేషానికి దక్కిన గౌరవం, కళావంతుల స్త్రీలకు, హిజ్రాలకు ఎదురైన నిషేధం ఒకే చరిత్రలోని భాగాలు. కులాన్ని, చట్టాన్ని విడిచి వాటిని అర్థం చేసుకోలేం.

కాట్రేనికోన నుంచి ర్యాలికి కుటుంబంతో వెళ్లే విద్యార్థి ముందు నిలబడి చేతులు జోడిస్తాడు. తర్వాత అందరితో పాటు వెనుకకు వెళ్లి మోహినిని చూస్తాడు. ఆ నాలుగడుగుల నడకలో అతడికి వింతేమీ తోచదు, ఎందుకంటే పెద్దలు అలాగే చూడటం నేర్పారు. విగ్రహం ముందు నేర్చుకున్న ఆ ఓర్పునే గ్రంథాలయంలో, వీధిలో, తోటిమనిషి ఎదుట కూడా పాటించగలిగితే కళాచరిత్ర తన పని చేసినట్లే.